పాత కారు ఇంజన్ ఆయిల్ లీకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏపీ 24, ఏపీ 22 నంబర్ ప్లేట్లతో ఇంకా తిరుగుతున్న కార్లు నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలానే కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటిపోయాయి. ఆ వయసు బండికి ఏదో ఒక చోట ఆయిల్ చెమ్మ రావడం మామూలే. లీకు వల్ల పోయే డబ్బు కన్నా, అది ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండానే ఇంజన్ విప్పించడం వల్ల పోయే డబ్బే ఎక్కువ. ముందు తుడవాలి, తర్వాత చూడాలి, ఆ తర్వాతే పాన పట్టుకోవాలి. కింది జవాబులన్నీ ఆ వరుసలోనే ఉంటాయి.

బండి కింద మరక పడింది. అది ఇంజన్ ఆయిలేనా?

రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి, ఎగిరిపోకుండా మూలల్లో రాళ్లు పెట్టండి. పొద్దున బండి తీసే ముందు, చుక్కలు ఏ వైపు పడ్డాయో అట్ట మీదే గీసి పెట్టుకోండి. ఆ గుర్తు తర్వాత మెకానిక్‌కు కూడా పనికొస్తుంది.

ఇంజన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. డీజిల్ బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. గేర్ ఆయిల్ ఇంకా చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. కూలెంట్ ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో, నీళ్లలా పలచగా ఉంటుంది. వేసవిలో ఎడమ వైపు పడే, రంగూ వాసనా లేని నీళ్లు చాలావరకు ఏసీవే, వాటితో ఇబ్బంది లేదు. చక్రం లోపలి వైపు పలచగా, లేత పసుపు రంగులో తడి కనిపిస్తే మాత్రం అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు ఆ బండిని నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

కొంచెం చెమ్మ ఉంది, అంతే. వెంటనే బాగు చేయించాలా?

అవసరం లేదు. ఇంజన్ మీద దుమ్ము పట్టిన జిడ్డు పొర ఉండి, కింద చుక్క పడకపోతే, గేజ్‌లో (ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసే కడ్డీలో) ఆయిల్ తగ్గకపోతే, వచ్చే సర్వీసు దాకా ఆగవచ్చు. రోజూ పొద్దున అట్ట మీద కొత్త చుక్కలు కనిపిస్తుంటే ఒకటి రెండు వారాల్లో చూపించండి. బండి ఆపగానే ధారగా కారినా, సైలెన్సర్ పైపు మీద పడి పొగ వచ్చినా ఇక నడపకూడదు.

ఆ చివరి మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇంజన్ పొగను సైలెన్సర్ పైపుకు చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి ఆయిల్‌ను అంటించగలదు. యాసంగి కోతల కాలంలో పొలం పక్కన ఎండుగడ్డి మీదో, వరి కొయ్యకాళ్ల మీదో బండి ఆపే అలవాటు మన దగ్గర ఉంది. ఏ బండికైనా అది మంచిది కాదు, ఆయిల్ కారే బండికి అసలే వద్దు. ఒకవేళ ఆయిల్ అంటుకుంటే నీళ్లు కొట్టవద్దు. చిన్న మంట అయితే ఇసుకో, ఫైర్ ఎక్స్‌టింగ్విషరో వాడండి. మంట బానెట్ లోపల పెరిగితే బానెట్ ఎత్తకుండా అందరూ దూరం జరిగి ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయాలి.

గేజ్ సరిగ్గా ఎలా చూడాలి?

బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు అయ్యాక గేజ్ కడ్డీ తీసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పూర్తిగా లోపలికి దింపి మళ్లీ తీయండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్క కాదు. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు, పై గుర్తు దాకా ఉండి తీరాలని లేదు.

మారుతి 800 లాంటి చిన్న ఇంజన్‌లో మొత్తం ఆయిలే సుమారు మూడు లీటర్లు. అందులో ఒక లీటరు తగ్గితే మూడో వంతు పోయినట్టే. అందుకే లీకున్న చిన్న బండికి వారానికోసారి, దూరం వెళ్లే ముందు ప్రతిసారీ గేజ్ చూడాలి. పోసేటప్పుడు కొంచెం కొంచెంగా పోసి, చూసుకుంటూ నింపండి. పై గుర్తు దాటితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగ్‌లను కాపాడలేదు, పైగా ఎక్కువైన ఆయిల్ సీళ్ల (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగుల) మీద భారమై ఉన్న లీకును పెంచుతుంది.

డాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. దగ్గరి ఊరు దాకా పోవచ్చా?

పోకూడదు. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపండి. చాలా పాత కార్లలో ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ప్రెషర్ పడిపోయిందని. ప్రెషర్ లేకుండా నడిచే కొద్ది నిమిషాల్లోనే బేరింగ్‌లు పట్టేస్తాయి, ఆ తర్వాత అయ్యే ఖర్చు పాత బండి ధరతో సమానం కావచ్చు. గేజ్ చూసి, తక్కువ ఉంటే పోసి, స్టార్ట్ చేశాక లైటు ఆరితేనే కదలండి. సరిపడా ఉన్నా లైటు ఆరకపోతే బండిని లాగించుకుని వెళ్లడమే మేలు.

లీకు ఎక్కడి నుంచి వస్తోందో ఇంట్లో కనిపెట్టగలమా?

చాలాసార్లు కనిపెట్టగలం. ఆయిల్ పైనుంచి కిందికి కారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడే చోటే లీకు చోటు కానక్కర్లేదు. తడిగా ఉన్న భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి.

ముందు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. డీగ్రీజర్ గానీ, బ్రష్‌తో కొంచెం డీజిల్ గానీ రాసి, బనియన్ వేస్ట్‌తో జిడ్డంతా తుడిచేయండి. డీజిల్ వాడితే అది పూర్తిగా ఆరేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ నీళ్లతో కడిగిస్తే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం), ఆల్టర్నేటర్, వైర్ల కనెక్టర్లకు ముందే పాలిథిన్ కవర్లు కట్టించండి. లేకపోతే ఆయిల్ లీకు కోసం వెళ్లి, స్టార్ట్ కాని బండితో ఇంటికి రావాల్సి వస్తుంది.

ఇంజన్ ఆరాక అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ పలచగా చల్లండి. బెల్టులు, ఫ్యాన్ ఉన్న వైపు చల్లకండి. పదో పదిహేనో కిలోమీటర్లు నడిపి వచ్చి, టార్చి పట్టుకుని పైనుంచి కిందికి చూడండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. టాపెట్ కవర్ (ఇంజన్ పైభాగాన్ని మూసే కవర్) వెనక అంచు లాంటి కంటికి ఆనని చోట్లకు ఫోన్ కెమెరాతో వీడియో తీయండి. ఈ చిన్న పని అవతల వేల రూపాయల పనిని తప్పిస్తుంది.

బండి కిందికి దూరాలంటే మాత్రం జాకీని నమ్మవద్దు. కింద స్టాండ్లు పెట్టాలి, లేదా ర్యాంప్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

మామూలుగా ఎక్కడెక్కడ కారుతుంది?

అన్నిటికన్నా ఎక్కువగా టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి, నొక్కినా సాగకుండా అవుతుంది. పాత ప్యాకింగ్ తీసి చేత్తో వంచి చూడండి, ఎండిన పుల్లలా టప్పున విరిగితే లీకు అక్కడిదే కావచ్చు. సామాను ఖర్చు వందల్లోనే, పని గంటలోపు. కొత్తది వేశాక బోల్టులు మరీ గట్టిగా బిగించకూడదు. బిగిస్తే కవర్ వంగి, కొత్త ప్యాకింగ్ పక్క నుంచే మళ్లీ కారుతుంది.

తర్వాతివి ఆయిల్ ఫిల్టర్, డ్రైన్ బోల్టు వాషర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్. ఈ స్విచ్‌ను చాలామంది మర్చిపోతారు. ఒక వైరు తగిలించి ఉండే చిన్న ముక్క అది, ఆ వైరు పీకి చూస్తే కనెక్టర్ లోపలే ఆయిల్ కనిపిస్తుంది. మార్చడం సులువు.

కింద ఉండే ఆయిల్ ఛాంబర్ విషయం వేరు. మన కాలువ కట్టల దారుల్లో, పొలం బాటల్లో మధ్యలో మిట్ట ఉంటుంది, రాయి తగిలి ఛాంబర్ సొట్ట పడుతుంది. ప్యాకింగ్ దగ్గర కారుతుంటే ప్యాకింగ్ మారిస్తే చాలు. రేకు చీలితే విప్పి వెల్డింగ్ చేయించాలి, లేదా కొత్తది వేయాలి. లోపలికి బాగా నొక్కుకుపోయిన ఛాంబర్‌ను కారడం లేదు కదా అని వదిలేయకండి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడవచ్చు.

ముందువైపు క్రాంక్ సీల్, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) సీల్ కారితే ఆ ఆయిల్ టైమింగ్ బెల్టు మీద పడుతుంది. ఆయిల్ తగిలిన రబ్బరు బెల్టు ఉబ్బి, బలం పోయి తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఈ లీకు చిన్నదైనా వాయిదా వేయవద్దు. సీల్ మార్చేటప్పుడు బెల్టు కూడా కొత్తది వేయించండి.

చివరిది వెనక క్రాంక్ సీల్. ఇంజన్, గేర్ బాక్స్ కలిసే చోట కారుతుంది. ఆయిల్ క్లచ్ ప్లేటుకు తగిలితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. దీనికి గేర్ బాక్స్ దించక తప్పదు. దించినప్పుడే క్లచ్ ప్లేటు, గేర్ బాక్స్ వైపు సీల్ కూడా చూపించండి. అదే కూలీ మళ్లీ పెట్టాల్సిన పని ఉండదు.

మెకానిక్ చూడగానే గేర్ బాక్స్ దించాలంటున్నాడు. ఒప్పుకోవాలా?

కడిగి చూశాక చెప్పిన మాటైతే ఒప్పుకోండి. కడగకుండా చెప్పిన మాటైతే ఇంకో రోజు ఆగండి.

మిర్యాలగూడలో మా మేనమామ పాత మారుతి 800 విషయం చెబుతాను. గేర్ బాక్స్ మీద, కింద అంతా నల్లగా ఆయిల్. ఒక షెడ్డులో వెనక సీల్ పోయిందన్నారు. "అల్లుడూ, క్లచ్ పట్టు బానే ఉంది కదా, సీల్ ఎట్ల పోతది?" అన్నాడు మామ. ఆ అనుమానం సరైనదే. కడిగి, ఆరబెట్టి, బానెట్ ఎత్తి ఇంజన్ నడుస్తుండగా టార్చి వేసి చూస్తే, హెడ్ చివర డిస్ట్రిబ్యూటర్ కూర్చునే చోట సన్నగా మెరుపు. కాసేపటికి అది బొట్టయి, అంచు వెంబడి జారి, సరిగ్గా గేర్ బాక్స్ మీద పడింది. ఆ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను క్యామ్‌షాఫ్టే తిప్పుతుంది, అక్కడ ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. గట్టిపడింది అదే. విప్పే ముందు డిస్ట్రిబ్యూటర్ ఎలా కూర్చుందో సూదితో గీత గీసి, ఓ-రింగ్ మార్చి, అదే గీతకు కలిపి బిగించారు. గీత తప్పితే టైమింగ్ తప్పుతుంది.

మెకానిక్‌ను అనుమానించమని కాదు. రోజూ పది బండ్లు చూసే మనిషికి ఒక్కో బండిని కడిగి, నడిపి, మళ్లీ చూసే తీరిక ఉండదు. ఆ తీరిక మనం ఇవ్వాలి. "అన్నా, కడిగి పొద్దున తెస్తా, ర్యాంప్ మీద పెట్టి చూద్దాం, చూసినందుకు కూలీ ఇస్తా" అనండి. మంచి మెకానిక్ ఎవరూ కాదనరు.

ప్యాకింగులు, సీళ్లు అన్నీ మార్పించాను. మళ్లీ కారుతోంది. ఎందుకు?

ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతుంది. దాన్ని బయటికి లాగి మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపడానికి ఒక బ్రీథర్ పైపు, చాలా బండ్లలో పీసీవీ వాల్వు ఉంటాయి. పైపు జిడ్డుతో మూసుకుపోతే ఆ గ్యాస్‌కు దారి ఉండదు, ఎక్కడ సీల్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోసుకుని వస్తుంది. ఈ చోట ఎన్ని కొత్త సీళ్లు వేసినా దండగే.

పైపు విప్పి ఊది చూడండి. వాల్వును ఊపితే లోపల టకటకమని చప్పుడు రావాలి. చాలా రకాల్లో ఇదే గుర్తు. రాకపోతే కార్బొరేటర్ క్లీనర్‌తో కడగండి, లేదా కొత్తది వేయండి, ఖరీదు తక్కువే.

అది బాగున్నా, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బుసబుసమని పొగ ఆగకుండా కొడుతుంటే రింగులు అరిగాయన్నమాట. షెడ్డుల్లో దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. కంప్రెషన్ టెస్ట్ చేయించి, ఆ అంకెలు చూశాకే ఇంజన్ సిలిండర్ల బోరు పని గురించి ఆలోచించండి. మూత తీసినప్పుడు కాస్త ఆవిరి రావడం, కొన్ని ఇంజన్లలో నడక కొద్దిగా తడబడటం జబ్బు కాదు.

సర్వీసు చేయించిన మర్నాడే కారడం మొదలైంది.

ముందు ఫిల్టర్ చూడండి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులవుతాయి, ప్రెషర్ రాగానే ఆయిల్ ధారగా చిమ్ముతుంది. అలా కారుతుంటే ఇంజన్ ఆపి, అదే షెడ్డుకు ఫోన్ చేయండి. ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పి, రింగు తగిలాక ఫిల్టర్ మీద రాసినంత, మామూలుగా ముప్పావు చుట్టు, బిగిస్తే సరిపోతుంది. రెండోది డ్రైన్ బోల్టు వాషర్, పాతదే మళ్లీ వేసి ఉంటారు. బోల్టు మర పోయి ఉంటే లేత్ షాపులో కొత్త మర వేయించవచ్చు.

అనాబాండ్ (ట్యూబులో వచ్చే సీలెంట్ జిగురు) పూస్తే సరిపోదా?

బయటి నుంచి, తడి మీద పూస్తే నిలవదు. కొన్ని ఛాంబర్లకు ప్యాకింగ్ బదులు సీలెంటే వేయాలి, అక్కడ కూడా రెండు వైపులా గీకి, జిడ్డు తుడిచి, సన్నటి గీతలా పెట్టాలి, ట్యూబు మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. మందంగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి. లీకు ఆపబోయి ఇంజన్‌నే పోగొట్టుకున్నట్టవుతుంది.

లీకు ఆపే మందు డబ్బాలు పని చేస్తాయా?

గట్టిపడిన రబ్బరు సీళ్లను కొంచెం మెత్తబరిచి ఉబ్బించే రకం, సన్నటి చెమ్మను కొన్నాళ్లు తగ్గించవచ్చు. తెగిన ప్యాకింగ్‌ను, చీలిన ఛాంబర్‌ను ఏ మందూ అతికించదు. వెనక సీల్ సన్నగా చెమ్మ పడుతోంది, గేర్ బాక్స్ దించేందుకు ఇప్పుడు డబ్బు లేదు అన్నప్పుడు ఒకసారి వాడి చూడటంలో తప్పు లేదు. మిగతా చోట్ల ఆ డబ్బును ప్యాకింగ్ మీద పెట్టడమే నా సలహా.

ఎండాకాలంలో లీకు ఎందుకు పెరుగుతుంది? చిక్కటి ఆయిల్ పోయాలా?

వేడికి ఆయిల్ పలచబడుతుంది. నల్గొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలు కొత్త కాదు. ఆ ఎండలో ట్రాఫిక్‌లో నిలబడి, ఏసీ వేసుకుని నడిచే ఇంజన్ కింద రబ్బరుకు ఊరట ఉండదు.

డబ్బా మీది అంకెల్లో మొదటిది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. బండి పుస్తకంలో వాతావరణాన్ని బట్టి ఒకటి కన్నా ఎక్కువ గ్రేడ్లు ఇస్తే, వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. పుస్తకంలో లేనిది వద్దు. 5డబ్ల్యూ30 కోసం చేసిన ఇంజన్‌లో 20డబ్ల్యూ50 పోస్తే స్టార్ట్ చేసిన క్షణాల్లో పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

కింద మరక లేదు, కానీ ఆయిల్ తగ్గుతోంది.

అయితే చాలావరకు లోపల కాలుతున్నట్టే. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, నడిచేంత సేపూ వస్తుంటే రింగులు కావచ్చు. రేడియేటర్‌లో ఆయిల్ తేలినా, ఆయిల్ మజ్జిగలా తెల్లబడినా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, ఇక నడపకండి.

శ్రీశైలం దారిలో లీకైతే ఎలా?

ఆ దారి సంగతి ముందే ఆలోచించుకోవాలి. మన్ననూరు దాటాక దోమలపెంట దాకా అంతా అడవి, ఘాట్. మెకానిక్ దొరకడు, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, రాత్రి పూట వాహనాలను వదలరు. లీకున్న బండితో పోవాలంటే అచ్చంపేటలోనో, అంతకు ముందో ఆగి గేజ్ చూసుకోండి. డిక్కీలో అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు, గరాటు, పాత గుడ్డలు, టార్చి పెట్టుకోండి. రోజూ చుక్కలు రాల్చే బండి అయితే బాగు చేయించే దాకా బస్సులో పోవడమే మంచిది. విజయవాడ, బెంగళూరు హైవేల మీద బండి ఆగితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయవచ్చు.

పాత బండికి ప్యాకింగులు దొరుకుతాయా?

మారుతి, పాత శాంత్రో, ఇండికా సామాన్లు జిల్లా కేంద్రాల్లోనే దొరుకుతాయి. దొరకనివి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకాలి. ఫోన్‌లో బండి పేరు చెప్పడం చాలదు, తయారైన సంవత్సరం, ఇంజన్ రకం చెప్పండి, పాత ముక్క వెంట తీసుకెళ్లండి. సీళ్ల విషయంలో చవక రకం వద్దు. వంద రూపాయలు మిగుల్చుకుని అదే కూలీ రెండోసారి ఇచ్చే పని పెట్టుకోకండి.

పాత కారు కొంటున్నాను. లీకు ఎలా పట్టుకోవాలి?

ఇంజన్ అద్దంలా మెరుస్తుంటే ముందే కడిగారని అర్థం. అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలయ్యాక కిందికి చూడండి. బండి రోజూ నిలబడే జాగా కూడా చూపించమనండి, ఆ నేల మరకలను దాచదు. పదిహేనేళ్లకు దగ్గరైన బండి అయితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండిని చూపించాల్సి ఉంటుంది. లీకు పని ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి.

తీసేసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

మోరీలో, చెట్టు మొదట్లో, బోరు పక్కన ఎక్కడా పోయకండి. వాడిన ఆయిల్‌లో ఇంజన్ అరిగిన లోహాలు, కాలిన మసి ఉంటాయి. చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లతో మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి జనం ఎముకలు వంగిపోయి ఎంత బాధపడ్డారో మనకు తెలుసు. ఉన్న భూగర్భ జలాన్ని మన చేతులతో ఇంకా పాడు చేయకూడదు. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ పోగు చేసి రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. పొయ్యిలో కాల్చడం, పశువుల గాయాలకు రాయడం రెండూ హానికరమే.

ఇంటి ముందు బండల మీద మరక పోవడం లేదు.

తాజాగా ఉంటే ఊక గానీ రంపపు పొట్టు గానీ మందంగా పోసి రాత్రంతా వదిలేయండి. మన రైస్ మిల్లుల దగ్గర ఊకకు కొదవ లేదు. పొద్దున ఊడ్చి, బట్టల సోడా, సబ్బు పొడి కలిపి ముద్దలా పూసి, అరగంటయ్యాక గట్టి బ్రష్‌తో రుద్ది, ఆ మురికిని కూడా మోరీలోకి పోనీయకుండా ఊకతోనే పీల్పించండి. పాత మరక అయితే రెండు మూడు సార్లు చేయాలి. ఆ ఆయిల్ పట్టిన ఊకను పొయ్యిలో వేయకండి, పశువుల కొట్టం వైపు పోనీయకండి, సంచిలో కట్టి పాత ఆయిల్ డబ్బాతో పాటే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.